నేల టికెట్టు మనిషిని మరవని దర్శకుడు

నాకు తెలిసిన లోకం నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా. చిన్నతనంలో ఆళ్లగడ్డ టూరింగ్ టాకీసులో రీళ్లు చుట్టే కుర్రవాడిగా చేరాను. తర్వాత ఆపరేటరునయ్యాను. చివరికి నంద్యాలలో ఒక హాలు మేనేజరుగా పని విరమించాను. ఈ దారిలో ఎందరో దర్శకుల సినిమాలు నా చేతుల మీదుగా నడిచాయి. కె.వి. రెడ్డి గారిది మన పొరుగున ఉన్న తాడిపత్రి. బి.ఎన్. రెడ్డి గారిది పులివెందుల ప్రాంతం. భానుమతి గారి భర్త, దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావు గారు మా కర్నూలు మనిషే. వీళ్లను గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయదలచింది ఉడిపి దగ్గరి ఉద్యావరలో పుట్టి, మన పల్లెజనానికి ఏళ్ల తరబడి కడుపునిండా వినోదం పెట్టిన బి. విఠలాచార్య గారిని గురించి. ఆయనను నేను ఎన్నడూ కలవలేదు. ఆయన పనిని మాత్రం చేత్తో తాకి చూశాను. ఆ పని నాకు నేర్పినవి ఇవి. ఇప్పుడిప్పుడే ఏదో ఒక పనిలో అడుగు పెడుతున్న పిల్లలు చదువుతారన్న నమ్మకంతో రాస్తున్నాను.

1. జనం మధ్య కూర్చున్నవాడికే జనం నాడి దొరుకుతుంది.

విఠలాచార్య గారు 1920 జనవరి 28న పుట్టారు. పసితనంలోనే ఇల్లు వదిలి కర్ణాటకలోని అరసికెరె చేరారు. అక్కడ హోటలు నడిపారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు వెళ్లారు. ఆ తర్వాత స్నేహితులతో కలిసి టూరింగ్ టాకీసు కొన్నారు. సినిమా తీయడం ఆయనకు ఏ బడీ నేర్పలేదు. తన డేరాలో ఆడిన ప్రతి బొమ్మనూ జనంతోపాటు కూర్చుని చూడడమే ఆయన చదువు. తర్వాత మైసూరులో డి. శంకర్ సింగ్ గారితో కలిసి మహాత్మా పిక్చర్స్ నడిపారు. కన్నడంలో వరసగా సినిమాలు తీసి, సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ పెట్టుకుని మద్రాసు చేరారు. 1955లో ‘కన్యాదానం’తో తెలుగులోకి వచ్చారు. అక్కడి నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆగలేదు. అన్ని భాషలూ కలిపి ఆయన తీసినవి డెబ్బై దాకా ఉంటాయి.

టూరింగ్ టాకీసు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. గుడారం, ఆయిల్ ఇంజను, ఒకే ఒక ప్రొజెక్టరు. ముందు నేల, దాని వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. నేలలో ఆడవాళ్లకు, మగవాళ్లకు మధ్య అడ్డంగా తడికె. ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. ఆ ఖాళీలోనే బొమ్మ ఎలా ఉందో తేలిపోయేది. జనం కూర్చున్నచోటి నుంచి కదలకుండా ‘తొందరగా వేయప్పా’ అని అరిస్తే ఆ రీలు గెలిచినట్టు. బీడీ ముట్టించుకోవడానికి బయటికి నడిస్తే ఓడినట్టు. సంక్రాంతి తర్వాత అహోబిలం స్వామి పారువేటకు ఊరూరా తిరిగే రోజుల్లో మాకు మంచి గిరాకీ. రుద్రవరం, చాగలమర్రి, శిరివెళ్ల తట్టు నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పొద్దంతా మళ్లలో వంగి పనిచేసి వచ్చిన మనిషి మూడు గంటలు నేల మీద కూర్చోవాలంటే తెర మీద ఏం జరగాలో విఠలాచార్య గారికి తెలుసు. ఆయన సినిమాలో బీడీకి లేచే రీలు చాలా అరుదు.

మీరు ఏ పని చేసినా, ఆ పని ఎవరికోసమో వాళ్ల పక్కన కొన్నాళ్లు కూర్చోండి. గదిలో కూర్చుని ఊహించుకుంటే ఆ మనిషి దొరకడు.

2. ఒప్పుకున్న తేదీకి పని అప్పగించడం కూడా ప్రతిభే.

స్టూడియోల కాలంలో సినిమా అంటే గడియారంతో పందెం. ఫ్లోరుకు రోజువారీ అద్దె, సెట్టు ఖర్చు, నటుల కాల్షీట్లు, ముడిఫిలిం ధర, అన్నీ నిర్మాత మెడ మీద ఉండేవి. విఠలాచార్య గారు తన సొమ్ముతో తీసేటప్పుడూ, ఇతరుల సొమ్ముతో తీసేటప్పుడూ ఒకే లెక్క పాటించారని పరిశ్రమలో పేరు. అనుకున్న ఖర్చులో, అనుకున్న గడువులో బొమ్మ పూర్తయ్యేది. ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకునే మాట ఒకటుంది. నటుడు కాల్షీటు దగ్గర పేచీ పెడితే, కథలో ఆ పాత్రను మాంత్రికుడి చేత చిలకగానో మేకగానో మార్పించి మిగతా సినిమా నడిపించేసేవారట. అందరూ నవ్వుకుంటూ చెప్పే ఆ మాటలో నాకు కనిపించేది ఆయన పట్టుదల. ఏ ఒక్కరికోసమూ పని ఆగకూడదన్నది ఆయన నియమం.

ఆ నియమం విలువ మావంటి వాళ్లకు ఎక్కువ తెలుసు. సీడెడ్‌లో, అంటే మన రాయలసీమలో, సినిమా కొనేవాడు అప్పు తెచ్చి నిర్మాతకు అడ్వాన్సు కట్టేవాడు. హాలువాడు ఆ పంపిణీదారుడికి కట్టేవాడు. పండక్కి వస్తుందన్న బొమ్మ రాకపోతే ఈ వరసలో ప్రతివాడూ వడ్డీ మోసేవాడు. ఒక సంక్రాంతికి మా ఓనరు పేరున్న ఒక సినిమాకు డబ్బు కట్టాడు. గోడల మీద పోస్టర్లు అంటించాం, బండికి మైకు కట్టి ఊళ్లన్నీ తిప్పాం. రీళ్ల పెట్టె రాలేదు. మద్రాసులో ఎవరో ఒక పెద్ద కళాకారుడికి ఒక సన్నివేశం నచ్చక మళ్లీ తీస్తున్నారని కబురు వచ్చింది. పండగ మూడు రోజులూ పాత బొమ్మతో గడిపాం. ఆ అప్పు తీర్చడానికి మా ఓనరు రెండెకరాల చేను అమ్ముకున్నాడు. నంద్యాల రైల్లో దిగి, బస్సు టాపు మీద ఆళ్లగడ్డకు వచ్చే ఆ రేకు పెట్టెలో ఎన్ని కుటుంబాల అన్నం ఉంటుందో తెలిసిన దర్శకుడే ఆలస్యం చేయకుండా ఉంటాడు. టూరింగ్ టాకీసు నడిపినవాడు కాబట్టి విఠలాచార్య గారికి తెలుసు.

3. మాయ చేయాలంటే ముందు కదలకుండా నిలబడడం రావాలి.

రీలు చుట్టే పని అందరూ చిన్నచూపు చూసే పని. నాకు మాత్రం అదే పెద్ద చదువు. వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు ఆడుతుంది. అడుగుకు పదహారు ఫ్రేములు, సెకనుకు ఇరవై నాలుగు. ఆట అయ్యాక దాన్ని బల్ల మీద వెనక్కి చుట్టాలి. ఫిలింను అంచుల మీదే పట్టుకోవాలి, బొమ్మ మీద వేలు పడితే గీత పడుతుంది. అంచు రంధ్రం చినిగి ఉంటే వేలికి గరుకుగా తగులుతుంది. అక్కడ ఆపి, పై పూత గీకి, సిమెంటు రాసి, రెండు ముక్కలూ అతికించాలి. అలా ఆగినప్పుడల్లా ఫిలింను దీపానికి ఎదురుగా ఎత్తి చూసేవాణ్ణి.

విఠలాచార్య గారి మాయలు నాకు అర్థమైంది ఆ దీపం దగ్గరే. మాంత్రికుడు చేయి ఎత్తుతాడు. ఈ ఫ్రేములో మనిషి ఉన్నాడు, తర్వాతి ఫ్రేములో మేక ఉంది. ఆ రెంటి మధ్య ఉన్నది సన్నని నల్లగీత. ఆ గీత వెనక స్టూడియోలో ఎంత తతంగం జరిగి ఉంటుందో ఊహించండి. కెమెరా ఆపుతారు. మాంత్రికుడు ఎత్తిన చేయి దించకూడదు. వెనక వరసలో భటుల ఈటెలు వంగకూడదు. సింహాసనం మీది రాజు మెడ తిప్పకూడదు. మనిషిని తప్పించి మేకను తెచ్చి, అది అటూ ఇటూ పోకుండా చూసి, మళ్లీ కెమెరా తిప్పుతారు. ఒకసారి ఒక రీల్లో, మంత్రి భుజం మీది ఉత్తరీయం రెండో ఫ్రేములో రవ్వంత జారి ఉండడం పట్టుకున్నాను. ఆ ఆటకు వచ్చిన వందల మందిలో ఎవరికీ అది కనిపించి ఉండదు. అంతమంది మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడినప్పుడు ఒక్క ఉత్తరీయం జారిందంటే, మిగతావన్నీ ఎంత క్రమశిక్షణతో నిలిచాయో నాకు అప్పుడు తెలిసింది.

1964లో ‘అగ్గిపిడుగు’ వచ్చింది. ఎన్.టి. రామారావు గారు అందులో రెండు పాత్రలు వేశారు. ఇద్దరూ ఒకే తెర మీద ఎదురెదురుగా నిలబడాలంటే అప్పట్లో కంప్యూటరు లేదు. కటకానికి సగం నల్ల అట్ట అడ్డుపెట్టి ఒకవైపు తీయాలి. అదే ఫిలింను చీకట్లో వెనక్కి తిప్పి, ఈసారి ఆ రెండో సగానికి అడ్డుపెట్టి ఇటువైపు తీయాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు బొమ్మలూ చెడిపోతాయి. పోయిన ఫిలిం తిరిగి రాదు. ఇలాంటి ద్విపాత్రల బొమ్మలు చేతికి వస్తే అతుకు ఎక్కడుందా అని వెతికేవాణ్ణి. చాలాసార్లు ఏ స్తంభం అంచునో, ఏ తెర మడతలోనో దాగి ఉండేది.

ఇప్పుడు మీ చేతిలో ఫోనే కెమెరా. తప్పు పోతే తుడిచేసి మళ్లీ తీయవచ్చు. ఆ వెసులుబాటు మంచిదే. కానీ ఒకసారి తీసే ముందు పదిసార్లు ఆలోచించే అలవాటు దాంతోపాటు పోగొట్టుకోవద్దు.

4. ఒకరి కొలబద్దతో మరొకరిని కొలవకూడదు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నది. నంద్యాలకు వచ్చాక నాకు చదువుకున్నవాళ్ల సావాసం దొరికింది. వాళ్లకు కొలబద్ద కె.వి. రెడ్డి గారు. కె.వి. రెడ్డి గారు జీవితం మొత్తంలో తీసినవి పద్నాలుగు. ‘పాతాళభైరవి’ 1951లో, ‘మాయాబజార్’ 1957లో. స్టాప్‌వాచీ పెట్టుకుని, సన్నివేశం ఎన్ని సెకన్లు నడుస్తుందో ముందే తేల్చుకుని సెట్టు మీదికి వెళ్లే మనిషి. ఆ సినిమాల ముందు విఠలాచార్య బొమ్మలను పెట్టి, ఇవీ సినిమాలేనా అని ఆ మిత్రులు అనేవాళ్లు. నేనూ తల ఊపేవాణ్ణి. నా కడుపు నింపిన బొమ్మలను నేనే తక్కువ చేసి మాట్లాడాను. ఆ మాటలు తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆళ్లగడ్డ శిల్పులను చూసేవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఒకే వీధిలో ఒకాయన ఏడాదిపాటు ఒకే మూలవిరాట్టు చెక్కుతూ కూర్చుంటాడు. పక్కనే ఇంకొకాయన ఊరూరికీ కావలసిన నాగప్రతిమలు, గ్రామదేవతలు, ధ్వజస్తంభం పీఠాలు వరసగా చెక్కి పంపుతుంటాడు. ఉలి ఇద్దరిదీ పదునే. పల్లెలో వేపచెట్టు కింద పసుపు పూయించుకునే నాగప్రతిమకు భక్తులు ఏమీ తక్కువ కాదు.

‘మంగమ్మ శపథం’ 1965లో వచ్చింది. తనను అవమానించిన రాజకుమారుడికే కొడుకును కని, ఆ కొడుకు చేతనే తండ్రిని కొరడాతో కొట్టిస్తానని శపథం పట్టే పల్లెపిల్లగా జమున గారు చేశారు. ఆళ్లగడ్డలో ఆ బొమ్మ ఆడిన రోజుల్లో తడికెకు అటువైపు చోటు చాలక, ఆడవాళ్లకోసం మగవాళ్ల నేలలో సగం ఖాళీ చేయించాం. శపథం చేసే చోట అటు ఈల లేదు, కేక లేదు. ఒక ముసలవ్వ లేచి నిలబడి ‘అట్లనే చెయ్యి తల్లీ’ అని తెరతో అన్నది. ఆ అవ్వ జీవితంలో ఏ మాట మింగుకుని వచ్చిందో మాకేం తెలుసు? ఆమెకు ఆ రాత్రి ఆ సినిమా ఇచ్చినదాన్ని కొలవడానికి మా నంద్యాల మిత్రుల దగ్గర కొలత లేదు. విఠలాచార్య గారికి సాంఘికం తీయడం రాదన్నవాళ్లకు కూడా ఒక మాట. 1972లో అక్కినేని నాగేశ్వరరావు గారితో ‘బీదలపాట్లు’ తీసింది ఈయనే. ఫ్రెంచి నవల ‘లే మిజరాబ్ల్’ కథకు అది తెలుగు రూపం.

5. మనది కాని చేతిపనికి కత్తెర పెట్టకూడదు.

మేనేజరుగా ఉన్నప్పుడు, పండగ రోజుల్లో ఒక ఆట ఎక్కువ వేయడానికి బొమ్మలో పావుగంట కోసేవాళ్లం. అన్ని ఊళ్లలోనూ ఉన్న అలవాటే. పాట తీసేయడం, హాస్యం తీసేయడం. విఠలాచార్య గారి జానపదం ఒకదానిలో, హీరోకు ఉంగరం దొరికే సన్నివేశం పెద్దగా అవసరం లేదని నేను దగ్గరుండి కోయించాను. చివరి రీల్లో ఆ ఉంగరంతోనే మాంత్రికుడు చచ్చేది. కుర్చీలవాళ్లు ఊరుకున్నారు. నేలవాళ్లు మాత్రం ఆట అయ్యాక నా గది ముందుకు వచ్చి ‘ఉంగరం ఎక్కడిది సామీ?’ అని అడిగారు. పదేళ్ల పిల్లవాడు కూడా అడిగాడు. మేం మంత్రతంత్రాల గోల అనుకున్న బొమ్మలో కథ ఎంత బిగువుగా కట్టి ఉందో, దాన్ని నేల ఎంత శ్రద్ధగా పట్టుకుందో నాకు తెలియజెప్పినవాళ్లు వాళ్లు. ఆ తర్వాత నా హాల్లో కత్తెర పడలేదు.

6. విజయం కూడా మనిషిని అలవాటులో పడేస్తుంది.

కాంతారావు గారితో ‘జయవిజయ’ (1959), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965), రామారావు గారితో ‘బందిపోటు’ (1963), ‘పిడుగు రాముడు’ (1966), ‘చిక్కడు దొరకడు’ (1967), ‘ఆలీబాబా 40 దొంగలు’ (1970). ఈ వరస చూస్తే ఊపు తెలుస్తుంది. డెబ్బైల్లో జానపదం పాతబడిందని పరిశ్రమ మొత్తం అనుకుంటున్న వేళ 1978లో ‘జగన్మోహిని’ తీశారు. హీరో నరసింహరాజు, మోహినిగా జయమాలిని. నంద్యాలలో పగలు ఆటకు కూడా జనం ఆగలేదు. తమిళంలోకి వెళ్లి అక్కడా గెలిచింది.

ఆ తర్వాత ‘గంధర్వ కన్య’, ‘మదన మంజరి’ వచ్చాయి. ఆ మోహినికే చెల్లెళ్లలా అనిపించేవి. ‘జై బేతాళ’ను త్రీడీలో తీశారు. కొత్త యంత్రం వస్తే దాన్ని పట్టుకోవాలన్న ఉత్సాహం ఆ వయసులోనూ ఉండడం నాకు గౌరవంగా తోచేది. కానీ నేల మారిపోయింది. డేరాలు లేచిపోయాయి. ఊళ్లో టీవీ వచ్చింది. దయ్యం చేయి పొడుగ్గా సాగితే పెద్దవాళ్లు జడుసుకున్న చోట పిల్లలు నవ్వడం నా కళ్లతో చూశాను. జనం నాడి అంత తెలిసిన మనిషి, కొత్త జనం మధ్య మళ్లీ ఒకసారి కూర్చుని ఉంటే ఎలాంటి బొమ్మ తీసేవారో అన్న ఆలోచన నన్ను వదలదు. ఆయన చివరి సినిమా ‘కరుణించిన కనకదుర్గ’, 1992లో. 1999 మే 28న కన్నుమూశారు. మర్నాడు పేపరులో ఆ వార్తకోసం వెతుక్కోవలసి వచ్చింది.

7. దాచుకోనిది మనకు దక్కదు.

ఆట తిరిగి తిరిగి గీతలు పడిన పాత ప్రింట్లను ఆ రోజుల్లో తూకానికి అమ్మేవాళ్లు. వాటిలోని వెండి తీసుకునేవాళ్లు, మిగిలిన ఫిలింను గాజులకు వాడేవాళ్లు. దేశమంతటా జరిగింది అదే. నేనూ అలాంటి మూటలు బండికి ఎత్తించాను. ఎవరో ఒకరు దాస్తారులే అనుకున్నాం. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లోనే పెట్టారు. కానీ మన తట్టు డేరాల్లో ఆడిన బొమ్మలను అక్కడికి చేర్చాలన్న ధ్యాస మాలో ఎవరికీ కలగలేదు. ఇప్పుడు యూట్యూబులో ఆయన సినిమాలు కొన్ని దొరుకుతున్నాయి. వాటిలో చాలా వరకు అరిగిన ప్రింట్ల నుంచి తీసినవే. నా బల్ల మీద నేను చూసిన ఆ నలుపు, ఆ తెలుపు వాటిలో లేవు.

నంద్యాల ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 నుంచి మన జిల్లాకు సొంత పేరు ఉంది. ఈ జిల్లా ఏ డేరాలో ఏ బొమ్మ చూసి ఏడ్చిందో, ఏ బొమ్మకు బండ్లు కట్టిందో రాసిపెట్టిన పుస్తకం ఒక్కటి కూడా నా కంటబడలేదు. బనగానపల్లె, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, దొర్నిపాడు, ఏ ఊరికి వెళ్లినా పాత పెట్టెల అడుగున ఆనాటి పాటల పుస్తకాలు, బండి మీది నుంచి పంచిన కరపత్రాలు, చిరిగిన పోస్టర్లు ఇంకా ఉండే ఉంటాయి. చెదలు తినకముందే బయటికి తీయండి. ఏ సంవత్సరమో, ఏ డేరాలోనో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వెనకవైపు పెన్సిలుతో రాయండి. ఫోనులో ఫొటో తీసి మీ ఊరి గ్రంథాలయానికి ఒక నకలు ఇవ్వండి. నేల టికెట్టు కొని చూసిన తాతలు, అవ్వలు ఇంకా కొంతమంది మన మధ్య ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ల దగ్గర కూర్చుని అడగండి.